ఇటుకల ఆట - కూడి పనిచేయు విద్య

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు పనులును మిక్కిలి కష్టమైనవని చెప్పుటయే యీ సామెతకు ముఖ్యార్థము. అయినను వీనినే పెద్దలు ఏల ఎంచుకొనిరని విచారించినచో వేఱొక సంగతి కూడ తోచును. ఇవి రెండును ఒక్కని చేతిమీద జరుగునవి కావు. ఇల్లు కట్టించువానికి మేస్త్రీ, కూలీలు, వడ్రంగి, కమ్మరి, అప్పిచ్చువాడు, ఇరుగుపొరుగువారు అందఱును కావలెను. వీరిలో ఒకరి మాట మఱియొకరికి అర్థము కాకపోయినచో గోడ వంకరగా లేచును, ద్వారబంధము గోడలో పట్టకుండును, ఖర్చు రెట్టింపగును.

మన పాఠశాలలయందు విద్యార్థి పదియేండ్లపాటు ఒంటరిగా పనిచేయుటయే నేర్చుకొనును. తన పుస్తకము తాను చదువును, తన లెక్క తాను చేయును, తన జవాబు తాను వ్రాయును. పరీక్షాశాలలో ప్రక్కవాని కాగితమువంక చూచుట దోషము. ఈ నియమము న్యాయమైనదే; ఎవరి శక్తి యెంతయో తెలిసికొనుటకు వేఱు మార్గము మనకు లేదు. కాని ఆ విద్యార్థియే చదువు ముగించి నంద్యాలలో ఒక ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో, యంత్రశాలలోనో, లేక ఆళ్లగడ్డలో ఒక శిల్పశాలలోనో పనికి చేరిన మొదటి దినముననే నియమము తలక్రిందులగును. అచ్చట ప్రక్కవాని పనిని చూడకుండుటయే దోషము. అడుగవలసిన మాట అడుగకుండుటయు, చెప్పవలసిన మాట చెప్పకుండుటయు నష్టమునకు కారణములగును. ఈ రెండవ విద్యను మనము ఎక్కడ నేర్పుచున్నాము? ఎక్కడను నేర్పుట లేదనియే చెప్పవలెను.

ఈ విద్యను పాఠశాలయందే ఆరంభించుటకు కట్టుడు ఆటలు, అనగా చిన్న చిన్న ముక్కలను కూర్చి ఇండ్లు, వంతెనలు, బండ్లు మొదలైనవానిని నిర్మించు ఆటలు, ఎంతవరకు ఉపకరించునో, ఎంతవరకు ఉపకరింపవో యీ వ్యాసమున వివరింప దలచితిమి.

మన ప్రాంతపు కట్టుడు ఆటలు

కట్టుడు ఆటలు మనకు క్రొత్తవి కావు. తడి యిసుకను పాదముపై కప్పి, అఱచేతితో తట్టి, మెల్లగా కాలు వెలికి దీసి పిచ్చుకగూడు కట్టుట మన బిడ్డలకు ఎవరును నేర్పనక్కఱ లేదు. బొమ్మరిల్లు అను మాట మన భాషలో నిలిచియుండుటయే యీ యాట యెంత ప్రాతదో తెలుపుచున్నది.

నంద్యాల చుట్టునున్న రేగడినేలలలో జొన్న పండించు పల్లెలయందు, కోత ముగిసిన పిదప పిల్లలు బెండుబండ్లు చేసికొనుట పెద్దలెల్లరు ఎఱిగినదే. ఎండిన జొన్నదంటు పైబద్దను ఒలిచినచో లోపల తెల్లని బెండు కనబడును. బెండు తేలికగను మెత్తగను ఉండును. బద్ద సన్నముగను గట్టిగను ఉండును. బెండును ముక్కలుగా కోసి, బద్దలను మేకులవలె గ్రుచ్చి, పిల్లలు నొగలు, కాడి, చక్రములు, ఎద్దులు అన్నియు కూర్చుదురు. ఇందు ఇనుపమేకు లేదు, జిగురు లేదు, కాసు ఖర్చు లేదు.

ఈ చిన్న బండిలో ఎంత శాస్త్రమున్నదో చూడుడు. ఇరుసు చక్రమునందు మిక్కిలి బిగుతుగా నున్నచో చక్రము తిరుగదు. మిక్కిలి వదులుగా నున్నచో ఊడిపడును. ఎంత బిగువు కావలెనో మాటలతో చెప్పుట కష్టము, వ్రేళ్ళకు మాత్రము తెలియును. ఇక ఒక పిల్లవాడు బండిని, వేఱొక పిల్లవాడు ఎద్దులను చేయుచున్నచో, కాడి పొడవెంతయో ఇద్దఱును ముందుగా మాటాడుకొనవలెను. మాటాడుకొననిచో బండియు బాగుగనే యుండును, ఎద్దులును బాగుగనే యుండును. అవి రెండును కలియవు. కార్యాలయములలో జరుగు తప్పులలో అనేకము ఈ జాతివే. ఎవరి భాగము వారు చక్కగనే చేసియుందురు. కలియుచోట ఎవరును చూచియుండరు.

అంగడి ఇటుకల చరిత్ర

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివినవారెల్లరు ఫ్రోబెల్ పేరు ఎఱుగుదురు. జర్మనీ దేశపు ఈ విద్యావేత్త 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను ఊరిలో చిన్నబిడ్డల కొఱకు ఒక సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బిడ్డల తోట, అని పేరు పెట్టెను. ఆయన “కానుకలు” అను పేర కొన్ని ఆటవస్తువులను క్రమముగా ఏర్పఱచెను. అందు మూడవ కానుక ఒక కొయ్య ఘనము. అది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవును. బిడ్డ దానిని విడదీసి కుర్చీగనో మెట్లుగనో ద్వారముగనో కూర్చి, మరల మొదటి ఘనముగా చేర్చి పెట్టెలో నుంచవలెను. మొత్తము భాగములగుట, భాగములు మరల మొత్తమగుట అను గొప్ప విషయమును బిడ్డ ఒక్క మాటయైన లేకయే తెలిసికొనుచున్నాడు.

అటుపిమ్మట 1901లో ఇంగ్లండు దేశమున లివర్‌పూలు పట్టణవాసియైన ఫ్రాంక్ హార్న్‌బీ యనునతడు, అర అంగుళము ఎడముగా రంధ్రములున్న లోహపు పట్టీలను మరలతోను బిగింపులతోను కూర్చు ఆటవస్తువునకు హక్కుపత్రము పొందెను. అదియే తరువాత మెకానో యను పేర లోకప్రసిద్ధమయ్యెను.

నేడు పిల్లలు మిక్కిలి కోరునది లెగో ఇటుక. దాని కథ మన పిల్లలు తెలిసికొనదగినది. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్న యూరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అను వడ్రంగి యుండెను. లోకమంతట వ్యాపారము కుంగిన ఆ దినములలో ఇండ్లు కట్టించువారు తగ్గి అతనికి పనులు దొరకలేదు. అతడు చేతులు ముడుచుకొని కూర్చుండక 1932లో కొయ్య ఆటవస్తువులు చేయ మొదలిడెను. “చక్కగా ఆడుము” అను అర్థమిచ్చు రెండు డేనిష్ మాటలనుండి 1934లో లెగో యను పేరు కల్పించెను. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు తయారు చేయుట మొదలయ్యెను. కాని అవి లోపల బోలుగా నుండుటచే గట్టిగా పట్టుకొనకుండెను. ఇటుక క్రింది భాగమున గొట్టములను అమర్చి, పై ఇటుక గొట్టములు క్రింది ఇటుక బొడిపెలను ఒత్తి పట్టుకొనునట్లు చేసిన మార్పుకు 1958 జనవరి 28న హక్కుపత్రము కొఱకు దరఖాస్తు చేసిరి. కట్టినప్పుడు నిలుచుట, లాగినప్పుడు ఊడుట అను రెండు గుణములును ఒక్క ఇటుకలో కుదురుటకు ఇన్ని యేండ్లు పట్టెను.

ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలను ఆఱింటిని తీసికొన్నచో, వానిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధములుగా కూర్పవచ్చునని గణితజ్ఞులు లెక్కించిరి. ఆఱు ఇటుకలు ఇద్దఱు పిల్లల కిచ్చినచో ఇద్దఱును ఒకే వస్తువును చేయుదురని యెట్లు అనుకొనగలము? అందుచేతనే కలసి కట్టుటకు ముందు మాటాడుకొనుట అవసరమగుచున్నది.

పెద్దవారు ఆడిన ఆట

ఈ ఇటుకలు పిల్లల గదినుండి పెద్దవారి కార్యాలయములోనికి ప్రవేశించిన విధము ఇంకను ఆశ్చర్యకరము. 1990ల నడుమ లెగో సంస్థ యజమానుడును, స్విట్జర్లాండు దేశమున లొజాన్ నగరమునందలి ఐ.ఎం.డి. యను వ్యాపార విద్యాలయపు ఆచార్యులు యోహాన్ రూస్, బార్ట్ విక్టర్ అనువారును కలసి ఒక పద్ధతిని ఆలోచించిరి. సభలలో ఎప్పుడును కొందఱే మాటాడుదురు, మిగిలినవారు తల యూపుదురు. దీనిని మాన్పుట యెట్లు? వారు కనుగొనిన ఉపాయము సులభమైనది. ముందుగా ఒక ప్రశ్న నిత్తురు, ఉదాహరణకు, “మన పనికి అడ్డు తగులుచున్నది యేమి?” అని. ప్రతివాడును కొన్ని నిమిషములలో తన జవాబును ఇటుకలతో కట్టవలెను. పిదప ప్రతివాడును తాను కట్టినదాని యర్థమును చెప్పవలెను. ఇతరులు ఆ కట్టడమును గూర్చి ప్రశ్నింపవచ్చును. కట్టని వాడు ఉండరాదు. చెప్పని వాడు ఉండరాదు. 2010లో సంస్థవారు ఈ పద్ధతి మూలసూత్రములను ఎల్లరు వాడుకొనుటకు విడిచిపెట్టిరి.

ఇందలి మర్మము మన దేశమునకు మఱింత పనికివచ్చును. మనలో చిన్నవాడు పెద్దవానికి ఎదురు చెప్పుట మర్యాద కాదు. ఒక గుమాస్తా తన యధికారితో “అయ్యా, తమ ఆజ్ఞ మాకు ఆలస్యముగా అందుచున్నది” అని చెప్పుటకు జంకును. కాని అతడు ఒక ఎత్తైన గోపురమును, దూరముగా ఒక చిన్న బొమ్మను, నడుమ తెగిన వంతెనను కట్టి, “ఇదిగో, ఈ వంతెన యిచ్చట తెగియున్నది” అని చూపగలడు. అందఱి చూపులును వంతెనపై నుండును, మనిషిపై నుండవు. మర్యాద చెడకుండ నిజము బయటికి వచ్చును.

మఱియొక ఆటను కూడ ఇచ్చట చెప్పవలెను. పీటర్ స్కిల్‌మన్ అనునతడు కల్పించిన యీ పందెమును టామ్ వూజెక్ అనునతడు అనేక నగరములలో ఆడించి, 2010లో ఒక ప్రసంగమున దాని ఫలితములను వివరించెను. నలుగురు మనుష్యుల కూటమునకు స్పగెట్టి యను గోధుమపిండి పుల్లలు 20, అంటుపట్టీ ఒక గజము, దారము ఒక గజము, మార్ష్‌మెలో యను మెత్తని మిఠాయి ఒకటి యిచ్చుదురు. 18 నిమిషములలో ఎత్తైన గోపురము కట్టి దాని కొనపై ఆ మిఠాయిని నిలుపవలెను. వ్యాపార విద్యలో పట్టము పొందిన యువకులు చాలమంది యోడిపోయిరి. కిండర్‌గార్టెన్ బిడ్డలు వారిని మించిరి. కారణమేమనగా, పెద్దవారు తమలో నాయకుడెవరో తేల్చుకొనుటలో కొంత కాలము గడిపి, గొప్ప యోచన చేసి, చివరి నిమిషమున మిఠాయిని పైనుంచుదురు. దాని బరువునకు గోపురము కూలును. బిడ్డలు మొదటినుండియు మిఠాయిని చేతబట్టి, ఒక చిన్న గోపురము కట్టి చూచి, కూలినచో వేఱొకటి కట్టుదురు. ఇంకొక వింత యేమనగా, సంస్థల అధిపతులు తమంతట తాము ఆడినప్పటికంటె, వారి కార్యాలయములను చక్కబెట్టు సహాయకులు కూటమున చేరినప్పుడు గోపురము మిక్కిలి యెత్తుగా లేచెను. ఎవరు ఏమి చేయవలెనో, కాలమెంత మిగిలినదో చూచి మృదువుగా గుర్తుచేయు మనిషి ప్రతి పనికిని అవసరమని దీనివలన తెలియుచున్నది.

ఆళ్లగడ్డ రాయి

మన జిల్లాలో చేతిపని యనగానే ఆళ్లగడ్డ శిల్పులు జ్ఞప్తికి వత్తురు. నంద్యాలనుండి కడప పోవు పెద్దబాటలో సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న యీ యూరిలో దేవతామూర్తులు, స్తంభములు, నిలువెత్తు విగ్రహములు చెక్కబడుచున్నవి. శిల్పశాలలో ఒక విగ్రహము పలువురి చేతులమీదుగా నడచును. రాతిపై గీతలు గీయువారు, పెద్ద ఉలితో అధికమైన రాతిని తొలగించువారు, ముఖము, వ్రేళ్ళు, నగలు చెక్కు నేర్పరి, చివరకు నునుపు చేయువారు ఉందురు. నేడు కోతయంత్రములును వచ్చినవి. అయినను ఒకని పని ముగిసినచోట మఱియొకని పని మొదలగునను క్రమము మాఱలేదు.

రాతికిని ఇటుకల యాటకును ఒక పెద్ద భేదము కలదు. రాతినుండి తొలగిన ముక్క మరల అతుకదు. ముక్కు కొన విఱిగినచో నెలల శ్రమ వ్యర్థమగును. అందుచేత శిల్పశాలలో క్రొత్తవానికి వెంటనే ముఖము చెక్కు పని యియ్యరు. అతడు చాలకాలము చూడవలెను, చిన్న పనులు చేయవలెను. ఆటలోని ఇటుక యట్టిది కాదు. తప్పినచో లాగి మరల పెట్టవచ్చును. తప్పునకు వెల లేని చోట మాత్రమే పిల్లలు ధైర్యముగా ప్రయత్నింతురు, ధైర్యముగా అడుగుదురు. తప్పునకు వెల గల చోటికి పోవుటకు ముందు ఇట్టి చోటు వారికి కావలెను.

అయితే ఇటుకలతో ఆడిన బాలుడు శిల్పి యగునని మేము చెప్పుట లేదు. ఉలి నేర్పు ఉలి పట్టినగాని రాదు. కుట్టుపని సూది పట్టినగాని రాదు. ఆట వలన వచ్చునవి కొన్ని యలవాట్లు మాత్రమే. కొలిచి చూచుట, సందేహమున్నప్పుడు అడుగుట, తాను చేయుచున్నది ఇతరులకు తెలియజెప్పుట, తాను కట్టినదానిని తానే విప్పుటకు సిద్ధపడుట, ఇతరుడు సగము చేసినదానిని గౌరవముతో అందుకొనుట. ఈ యలవాట్లు ఉన్నవానికి ఏ వృత్తియైనను సుళువుగా వశమగును. లేనివానికి చేతిలో ఎంత నేర్పున్నను కూటములో కష్టములే కలుగును.

వెలలేని సామగ్రి

“ఇటుకల పెట్టె వేలకు వేలు వెల, మా బిడ్డలకు ఎక్కడినుండి తెత్తుము?” అని తలిదండ్రులు అడుగవచ్చును. దీనికి మన దేశీయుడే సమాధానము చూపెను. ఐ.ఐ.టి. కాన్పూరులో చదివి 1975లో పట్టము పొందిన అరవింద్ గుప్త, పూనాలో మోటారు బండ్ల కర్మాగారమున పనిచేయుచు, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు పల్లె పాఠశాలల విజ్ఞాన బోధన కార్యక్రమమున చేరెను. అచ్చటి పిల్లల యొద్ద ఏమియు లేదు. ఆయన సైకిలు గాలితిత్తికి వాడు సన్నని రబ్బరు గొట్టమును చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లల కొనలను ఆ ముక్కలలో దూర్చి కూర్చు విధమును ప్రచారము చేసెను. ఇదియే పేదవాని మెకానో. 2018లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను.

ఈ సామగ్రితో పిల్లలు మొదటి దినముననే ఒక గొప్ప సత్యమును కనుగొందురు. నాలుగు పుల్లలతో చతురస్రము చేసి ఒక మూలను నొక్కినచో అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు పుల్లలతో త్రిభుజము చేసినచో ఎంత నొక్కినను దాని రూపు మాఱదు. చతురస్రమునందు ఒక కర్ణమును అడ్డముగా చేర్చినచో అదియు గట్టిపడును. పిదప వారికి విద్యుత్ స్తంభపు గోపురములందును, రైలు వంతెనలందును, గోదాముల ఇనుప కప్పులందును త్రిభుజములే కనబడును. మూడేండ్లు క్షేత్రగణితము చదివినను కలుగని దృష్టి ఒక్క అగ్గిపెట్టెతో కలుగును.

ప్రభుత్వమువారును ఈ మార్గమును గుర్తించిరి. నీతి ఆయోగ్ వారు 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ లాబుల పథకము క్రింద, ఎన్నుకొనబడిన పాఠశాలలకు 6వ తరగతి మొదలు 12వ తరగతి వఱకు గల విద్యార్థుల నిమిత్తము 20 లక్షల రూపాయల వఱకు సహాయధనమును ఏర్పఱచిరి. 2020 జాతీయ విద్యా విధానమునందు 6 నుండి 8 తరగతుల పిల్లలు పది దినములు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు మొదలగు స్థానిక వృత్తివారి యొద్ద గడపవలెనని చెప్పబడినది. మన పిల్లలకు ఆళ్లగడ్డ శిల్పశాలల కంటె మేలైన చోటు ఎక్కడ దొరకును? కాని సామగ్రిని బీరువాలో నుంచి తాళము వేసినచో లక్షల ధనమును అగ్గిపుల్లలకు సాటి రాదు. పిల్లల చేతులలో అరిగిన ఇటుకయే పని చేసిన ఇటుక.

తరగతిలో నాలుగు పాఠములు

ఉపాధ్యాయులకు ఉపయోగపడునని నాలుగు పాఠములను క్రింద వివరించుచున్నాము. వీనిలో ప్రతిదియు ఒక్క గంటలో ముగియును. ఇటుకలు లేనిచో బంకమట్టి, చీపురుపుల్లలు, ఖాళీ అగ్గిపెట్టెలు చాలును.

మొదటి పాఠము బాతు. ప్రతి విద్యార్థికిని ఒకే విధమైన ఆఱు ముక్కలిచ్చి, ఒక్క నిమిషములో బాతును చేయుమనవలెను. పిదప అన్ని బాతులను వరుసగా బల్లపై నుంచవలెను. ఒకదానివలె వేఱొకటి యుండదు. “ఇందు సరియైన బాతు ఏది?” అని యడిగినచో పిల్లలు తామే నవ్వుదురు. ఒకే మాట విని వేర్వేఱు రూపములు ఊహింతుమను సంగతి దీనివలన తెలియును. యజమాని “త్వరగా చేయుము” అన్నప్పుడు గంటయా, దినమా యని అడిగి తెలిసికొనుట ఏల అవసరమో ఇచ్చటనే బోధపడును.

రెండవ పాఠము వీపుకు వీపు. ఇద్దఱు పిల్లలు ఒకరి వీపునకు ఒకరు వీపు చేర్చి కూర్చుండవలెను. ఒకని యొద్ద కట్టిన వస్తువుండును. రెండవవాని యొద్ద విడి ముక్కలుండును. మొదటివాడు మాటలతో మాత్రమే చెప్పి, రెండవవానిచేత దానివంటిదే కట్టింపవలెను. మొదటిసారి రెండవవాడు ప్రశ్న వేయరాదు, రెండవసారి వేయవచ్చును. ఈ రెండు ఫలితములను ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో ప్రశ్న యొక్క విలువ కన్నులకు గట్టును. బాబెలు గోపురపు కథ మన పాఠశాలలో ఎల్లరు ఎఱిగినదే. అచ్చట ఇటుకలకు కొఱత లేదు. ఒకరి మాట ఒకరికి తెలియనందున పని నిలిచెను.

మూడవ పాఠము వంతెన. రెండు బల్లలను రెండడుగుల ఎడముగా నుంచి, ఒక్కొక్క బల్లయొద్ద నలుగురిని నిలిపి, రెండు వైపులనుండి కట్టుచు నడుమ కలియుమనవలెను. వంతెన ఒక పుస్తకమును మోయవలెను. రెండు కూటములును తమలో ఒక్కొక్కరినే దూతగా పంపవచ్చును, అదియు మూడుసార్లు మాత్రమే. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కర్నూలు-కడప కాలువ సుంకేసులనుండి కడప వఱకు పోవుచున్నది. అంత దూరపు కాలువను పలుచోట్ల పలువురు త్రవ్వినను మట్టము ఒకటి కానిచో నీరు పాఱదు. వంతెనను కట్టిన పిల్లలకు ఆ కాలువ గట్టుపై నడచునప్పుడు ఆ పని యొక్క గొప్పతనము తెలియును.

నాలుగవ పాఠము అప్పగింత. ప్రతి కూటమును ఒక గోపురమును కట్ట మొదలిడవలెను. కొనపై నిమ్మకాయను నిలుపవలెను. సగము కాలము గడువగానే గంట కొట్టి, ప్రతి కూటమును ప్రక్క బల్లకు మాఱ్చి, ఇతరులు సగము కట్టినదానిని ముగింపుమనవలెను. పోవుటకు ముందు రెండు నిమిషములు మాత్రము చెప్పుకొనుటకు అవకాశమియ్యవలెను. వచ్చినవారు ముందుగా చేయ దలచునది పాత కట్టడమును కూలద్రోయుట. అదియే మనుష్య స్వభావము. దానిని అరికట్టి, మునుపటివారి యుద్దేశము నెఱిగి ముందుకు సాగుట పెద్ద విద్య. ఆసుపత్రిలో రాత్రి నర్సు పగటి నర్సునకు రోగుల సంగతి అప్పగించునప్పుడు ఈ విద్యయే ప్రాణములను కాపాడును.

ప్రతి పాఠము తుదను అయిదు నిమిషములు మిగిల్చి మూడు ప్రశ్నలు అడుగవలెను. ఎచ్చట చిక్కు కలిగెను? దానిని ఎవరు మొదట గమనించిరి? గమనించినవారు ఆ సంగతి చెప్పిరా? ఈ యడుగుట లేనిచో ఆట ఆటగనే ముగియును, పాఠము కాదు.

ప్రక్కన కూర్చున్న బిడ్డ

ఇచ్చట ఉపాధ్యాయులు మిక్కిలి జాగరూకులై యుండవలసిన సంగతి యొకటి కలదు. నలుగురికి ఒక పెట్టె యిచ్చి ఊరకున్నచో ఏమి జరుగునో మేము మా తరగతులలో పలుమాఱులు చూచితిమి. చుఱుకైనవాడు ఒకడు పెట్టెను తనవైపు లాగుకొనును. ఇంటియొద్ద అట్టి ఆటవస్తువులు ఉన్న పట్టణపు బిడ్డ ముందునకు వచ్చును. వాటిని ఎన్నడును చూడని పల్లె బిడ్డ చేతులు వెనుకకు పెట్టుకొని చూచుచుండును. బాలురు కట్టుదురు, బాలికలు క్రింద పడిన ముక్కలను ఏఱి యిత్తురు. గంట కొట్టునప్పటికి గోపురము లేచును, అందఱును చప్పట్లు కొట్టుదురు. కాని నలుగురిలో నేర్చుకొన్నవాడు ఒక్కడే. అతడును ఇతరులు తనకు అవసరము లేదనియే నేర్చుకొనెను.

కావున ముక్కలను సమముగా పంచి, తన ముక్కను తానే పెట్టవలెనను నియమము చేయవలెను. కొలుచువాడు, సామగ్రి చూచువాడు, కాలము చూచువాడు, పరీక్షించువాడు అను నాలుగు పనులను వారమునకొకరు మాఱునట్లు చేయవలెను. సామాన్లు ఏఱు పని ఎల్లప్పుడు బాలికలకే యియ్యరాదు. మార్కులు గోపురపు ఎత్తును బట్టి గాక, కూటములో ఎవరిని అడిగినను “ఇది యిట్లేల కట్టితిరి?” అను ప్రశ్నకు జవాబు చెప్పగలరా యని చూచి యియ్యవలెను. అప్పుడు చుఱుకైనవాడు తనంతట తానే మెల్లగా మాటాడు మిత్రునికి వివరించి చెప్పును. ఏలయన ఆ మిత్రుని జవాబుమీదనే తన మార్కును ఆధారపడియున్నది.

తలిదండ్రులకు ఒక మాట

“ఆటవలన మార్కులు వచ్చునా?” అని మీరు అడుగుట న్యాయమే. నేరుగా రావు. పదవ తరగతి పరీక్షలో ఇటుకల ప్రశ్న లేదు. పక్షమునకు ఒక్క గంట ఈ ఆటకు విడిచినచో చదువునకు నష్టము కలుగదు; అంతకంటె ఎక్కువ మేము కోరుట లేదు. కాని మీ బిడ్డ పరీక్ష ముగించిన పిదప ముప్పది నలువది యేండ్లు ఇతరులతో కలసి పనిచేయవలసి యున్నది. ఆ యేండ్ల కొఱకు కూడ మనము వారిని సిద్ధపఱుపవలెను.

ఇంటియొద్ద మీరు చేయదగినది సులభము. వంటయింటిలో, పొలములో, అంగడిలో బిడ్డకు ఒక పనిలో ఒక భాగము నప్పగింపుడు. తప్పినచో మీరే తీసికొని చేసివేయక, “ఎచ్చట తప్పినది?” అని యడిగి మరల చేయనిండు. బెండుబండి చేయుట ఎఱిగిన తాతలు, అవ్వలు ఇంట నున్నచో వారి యొద్ద కూర్చుండబెట్టుడు. జొన్న తగ్గిన పల్లెలలో ఆ విద్య వారితోనే పోవుచున్నది.

బాలబాలికలారా, మీ యొద్ద పాత అగ్గిపెట్టెలు, సైకిలు గొట్టపు ముక్కలు, చీపురుపుల్లలు, దారపు ఉండలు ఉన్నచో పాఱవేయక పాఠశాలకు తెండు. కూటమున కట్టునప్పుడు మీ ప్రక్క నున్నవారి చేతులు ఖాళీగా ఉన్నవేమో యొకసారి చూడుడు. ఖాళీగా ఉన్నచో మీ చేతిలోని ముక్కను వారి చేతిలో నుంచి, “ఇది ఎక్కడ పెట్టుదము?” అని యడుగుడు.